డీజిల్ పికప్‌కి గేజ్‌లు పెడుతున్నారా? ముందు ఈజీటీ సంగతి చూడండి

పికప్‌కి విడిగా గేజ్‌లు కొనేవాళ్లు ముందు టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడిని చూపే బూస్ట్ గేజ్ వైపే చూస్తారు. నన్నడిగితే మొదట పెట్టాల్సింది ఎగ్జాస్ట్ వేడి చూపే ఈజీటీ గేజ్. బరువు లాగుతూ ఎత్తు ఎక్కేటప్పుడు పిస్టన్లకు ముప్పు తెచ్చేది ఆ వేడే. డాష్‌బోర్డులో ఉండే టెంపరేచర్ ముల్లు కూలెంట్‌ది, అది దీన్ని పట్టుకోలేదు.

వేడిని కొలిచే ప్రోబ్‌ని టర్బోకి ముందు, ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టమైన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోనే పెట్టండి. టర్బో దాటాక పొగ చల్లబడుతుంది, లోడ్ మీద వంద డిగ్రీలకు పైగా తక్కువ చూపించవచ్చు.

అసలు జాగ్రత్తంతా ప్రోబ్ కోసం మానిఫోల్డ్‌కి రంధ్రం వేసేటప్పుడే. చిన్న ఇనుప ముక్క లోపల పడినా, ఇంజిన్ స్టార్ట్ చేయగానే నేరుగా టర్బోలోని టర్బైన్ రెక్కల మీదికి పోతుంది. వీలైతే టర్బో విప్పేసి పని మొదలుపెట్టండి. కుదరకపోతే డ్రిల్ బిట్‌కీ, రంధ్రంలో మరలు కోసే ట్యాప్‌కీ గ్రీజు దట్టంగా పూయండి. రెండు మూడు తిప్పులకోసారి బయటికి తీసి, నల్లగా అంటుకున్న రజను తుడిచి, మళ్లీ పూయండి. చివర్లో సన్నటి అయస్కాంతంతో లోపలంతా తడమండి. మానిఫోల్డ్ పోత ఇనుముదైతేనే ఇది పనిచేస్తుంది, స్టెయిన్‌లెస్ స్టీల్ రజను సాధారణంగా అయస్కాంతానికి అంటదు.

ప్రోబ్ వైరు చాలకపోతే మామూలు రాగి వైరు అతికించకండి, రీడింగ్ తప్పుతుంది. ప్రోబ్‌కి ఉన్న అదే రకం థర్మోకపుల్ (వేడిని కొలిచే రెండు లోహాల జత) వైరే వాడాలి.

ఆయిల్ ప్రెషర్ గేజ్ కూడా పెడుతుంటే, దాని సెండర్ (ఇంజిన్‌కి బిగించే సెన్సర్) ఒంటి వైరుదైతే మరలకు టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. దానికి ఎర్త్ అందేది ఆ మరల ద్వారానే. ఇక వైర్లు క్యాబిన్‌లోకి వచ్చే చోట రంధ్రం అంచుకి రబ్బరు గ్రోమెట్ (రింగు) తప్పనిసరి.