రాత్రి స్క్రీన్ దానంతటదే ఆగాలా? ముందు ఇవి చూసుకోండి

హన్మకొండలో మా బాబాయి టిఫిన్ సెంటర్ మెనూ టీవీకి రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) పెట్టినం. రాత్రి పదింటికి స్క్రీన్ ఆగాలి, పొద్దున ఆరింటికి రావాలి. చిన్న పనే, కానీ తిప్పలు పెట్టింది.

– మొదట ఎస్ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ ద్వారా కమాండ్లు ఇచ్చే దారి) ఆన్ చేసి, ల్యాప్‌టాప్ నుంచి ఒకసారి లాగిన్ అయి చూడండి. తెర నల్లగా అయ్యాక మళ్ళీ ఎట్లా తెస్తారు మరి? నేను మర్చిపోయి ప్లగ్ పీకాల్సి వచ్చింది, అట్లా పీకితే మెమరీ కార్డు పాడయ్యే ప్రమాదం ఉంది.

– పైలో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్ ఉందో చూడండి. 2023లో వచ్చిన బుక్‌వార్మ్ వెర్షన్ నుంచి రాస్ప్‌బెర్రీ పై 4, 5 మోడళ్లలో డెస్క్‌టాప్ వేలాండ్ (తెర మీద బొమ్మ చూపే కొత్త పద్ధతి) మీద నడుస్తోంది కాబట్టి తెర ఆపే పాత ఎక్స్‌సెట్ కమాండ్లు పనికిరావు, డబ్ల్యూఎల్ఆర్-ర్యాండర్ అనే కమాండ్ వాడాలి. టెర్మినల్లో చక్కగా పనిచేసిన కమాండే క్రాన్‌లో (చెప్పిన టైముకి కమాండ్లు నడిపే ప్రోగ్రాం) పెడితే కదలదు, ఎందుకంటే క్రాన్‌కి మన డెస్క్‌టాప్ సెషన్ ఏదో తెలియదు. వేలాండ్ డిస్‌ప్లే పేరు, రన్‌టైమ్ డైరెక్టరీ స్క్రిప్టులో మనమే రాయాలి. నా ఆదివారం మొత్తం దీనికే పోయింది.

– టైమ్‌జోన్ కోల్‌కతా పెట్టండి, లేకుంటే గంటల తేడా వస్తుంది. పై 4లో గడియారానికి బ్యాటరీ ఉండదు, కరెంటు పోయొచ్చి నెట్ రాకపోతే టైమ్ తప్పుతుంది.

– సిగ్నల్ ఆపినా కొన్ని టీవీలు 'నో సిగ్నల్' అంటూ వెలుగుతూనే ఉంటాయి. అట్లాంటివాటికి టీవీ సెట్టింగుల్లో హెచ్‌డీఎంఐ-సీఈసీ (హెచ్‌డీఎంఐ కేబుల్ ద్వారానే టీవీని ఆన్, ఆఫ్ చేయనిచ్చే సౌకర్యం) ఉందేమో వెతకండి.

– ముందు ఇరవై సెకన్లు ఆపి తిరిగి వెలిగించే స్క్రిప్టుతో పరీక్షించండి, అదీ గిరాకీ లేనప్పుడు.