పిల్లల కోడింగ్ క్లబ్ నడపాలంటే ముందు మౌస్ వదిలేయండి

పిల్లలకి కోడింగ్ నేర్పే క్లబ్ పెడదాం అనుకోగానే అందరూ కంప్యూటర్ల గురించి, సిలబస్ గురించి, ప్రొజెక్టర్ గురించి టెన్షన్ పడతారు. అవన్నీ ఎలాగో సర్దుకుంటాయి. ముందు ఒక్క విషయం గట్టిగా అనుకోండి: పిల్లల చేతిలో ఉన్న మౌస్ మీరు తీసుకోకూడదు. మొదటి నెలంతా నేను ఈ తప్పే చేశాను, ఎవరైనా "రావట్లేదు" అనగానే వెళ్లి, స్క్రీన్ మీద ఒక్కో ఆజ్ఞ రాసి ఉండే బ్లాకులు రెండు అటూ ఇటూ జరిపి, "చూశావా, ఇంతే" అని వచ్చేసేదాన్ని. ప్రోగ్రామ్ పనిచేసేది. మరుసటి వారం అదే పిల్లలు అదే చోట ఆగిపోయి మళ్లీ నన్నే పిలిచేవాళ్లు.

కావలసినవి తక్కువే. ఒక గది, వారానికి గంటన్నర, ఇద్దరు పెద్దవాళ్లు. ఇద్దరు ఎందుకంటే ఏ ఒక్క పెద్దమనిషీ పిల్లలతో ఒంటరిగా గదిలో ఉండే పరిస్థితి రాకూడదు, దీంట్లో మొహమాటాలు పెట్టుకోకండి. బాగా చిన్నపిల్లలైతే అమ్మనో నాన్ననో అక్కడే కూర్చోమనండి. మొదట్లో పది మందిని మించి తీసుకోవద్దు. కంప్యూటర్లు అందరికీ సరిపోకపోతే బాధపడకండి, నా లెక్కలో అదే మంచిది: ఇద్దరికి ఒకటి ఇచ్చి, ఒకరు మౌస్ పట్టుకుంటే రెండోవాళ్లు ఏం చేయాలో చెప్పేలా, 10 నిమిషాలకోసారి చేతులు మారేలా టైమర్ పెట్టండి. ఉద్యోగాల్లో ప్రోగ్రామర్లు కూడా కొందరు ఇలా జంటగా కూర్చునే రాస్తారు. టైమర్ మాత్రం మర్చిపోకండి, లేకపోతే చురుగ్గా ఉన్నవాడు మౌస్ వదలడు, పక్కనున్న పాప గంటన్నరా చూస్తూ కూర్చుంటుంది.

8 ఏళ్లు నిండినవాళ్లకి, బ్లాకులు కలిపి ప్రోగ్రామ్ తయారుచేసే భాష అయిన స్క్రాచ్‌తో మొదలుపెట్టండి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం మీడియా ల్యాబ్ దీన్ని 2007లో విడుదల చేసింది, పూర్తిగా ఉచితం, ఇంటర్నెట్ సరిగా రాని చోట ముందే డౌన్‌లోడ్ చేసుకుని వాడుకునే యాప్ కూడా ఉంది. అయిదు నుంచి ఏడేళ్ల వాళ్లకైతే స్క్రాచ్ జూనియర్, అందులో చదవడం రాకపోయినా బొమ్మలు చూసి బ్లాకులు కలపొచ్చు. కొందరు తల్లిదండ్రులు "నేరుగా పైథాన్ చెప్పొచ్చు కదా" అంటారు. చెప్పొచ్చు, కానీ పైథాన్ అంటే అంతా టైప్ చేసి రాసే భాష, తొమ్మిదేళ్ల పిల్ల ఒక కోలన్ (:) పెట్టడం మర్చిపోతే స్క్రీన్ నిండా ఎర్రక్షరాలు వస్తాయి, ఆ రోజంతా కోలన్ వెతకడంతోనే సరిపోతుంది, అసలు ఆలోచించాల్సిన లెక్క పక్కకి పోతుంది.

మొదటి రోజు కంప్యూటర్లు ఆన్ చేయకండి. మీరే రోబో అవ్వండి, మిమ్మల్ని కుర్చీ దగ్గర్నుంచి తలుపు దాకా నడిపించమని పిల్లలకి చెప్పండి. "వెళ్లు" అంటారు. కదలకండి. "ముందుకు నడువు" అంటే నడుస్తూనే ఉండండి, గోడ తగిలినా కాళ్లు ఆపకండి. పది నిమిషాల్లో వాళ్లంతట వాళ్లే "నాలుగు అడుగులు ముందుకి, కుడివైపు తిరుగు, గోడ తగిలితే ఆగు" దాకా వస్తారు. వరుసగా ఆజ్ఞలు ఇవ్వడం, షరతు పెట్టడం రెండూ వచ్చేసినట్టే, పేర్లు తర్వాత చెప్పొచ్చు.

రెండో వారం బొమ్మలు గీయించండి. స్క్రాచ్‌లో ఎడమవైపు కింది మూలనున్న బటన్ నొక్కితే గీతలు గీసే పెన్ బ్లాకులు తెచ్చుకోవచ్చు. 100 అడుగులు కదులు, 90 డిగ్రీలు తిరుగు, ఇది నాలుగుసార్లు అంటే చతురస్రం, ఇది అందరికీ వస్తుంది. అసలు పాఠం త్రిభుజం దగ్గర మొదలవుతుంది. మా క్లబ్‌లో ఒక పాప బళ్లో చెప్పినట్టు సమబాహు త్రిభుజంలో కోణం 60 కదా అని 60 పెట్టి మూడుసార్లు తిప్పింది. మూడు గీతలు గీసి, మూత లేని గిన్నెలా ఆగిపోయింది. తను కాసేపు చూసి మూడుని ఆరు చేసింది, అప్పుడు తేనెపట్టులో గదిలాంటి ఆరు భుజాల బొమ్మ వచ్చింది. నా చెయ్యి మౌస్ వైపు వెళ్లబోయింది, ఆపుకున్నాను. లేచి నేల మీద త్రిభుజం నడవమన్నాను. మొదటి మూల దగ్గర తిరిగేటప్పుడు "అరె, నేను దాదాపు వెనక్కి తిరిగిపోతున్నానే" అంది, వెళ్లి 120 పెట్టింది. కోణం లోపల కొలిచేది, తిరగడం మాత్రం బయటవైపు కోణమంత, 180లోంచి 60 తీసేస్తే వచ్చేది.

శరీరంతో ఆలోచించే ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1967లో సీమోర్ పేపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫోర్జిగ్ పిల్లల కోసం లోగో అనే భాష తయారుచేశారు, అందులో ఆజ్ఞలు ఇస్తే గీతలు గీస్తూ కదిలే తాబేలుకి దారి చెప్పడం రాకపోతే నువ్వే తాబేలువై నడిచి చూడు అనేది పేపర్ట్ పద్ధతి. స్క్రాచ్ ఆ వంశంలోదే.

తర్వాత ఆట చేయించండి: పైనుంచి నక్షత్రం పడుతుంది, కింద బుట్ట అటూ ఇటూ జరుగుతుంది, పట్టుకుంటే స్కోరు. స్క్రాచ్ తెరకి మధ్యలో సున్నా, అడ్డంగా మైనస్ 240 నుంచి 240, నిలువుగా మైనస్ 180 నుంచి 180, కాబట్టి నక్షత్రం కిందికి రావాలంటే వై విలువ, అంటే ఎత్తు చెప్పే సంఖ్య, తగ్గాలి, రుణ సంఖ్యలు ఇంకా నేర్చుకోని వాళ్లకి కూడా ఇక్కడ చప్పున అర్థమవుతాయి. ఇందులో రెండు బగ్గులు (ప్రోగ్రామ్‌లో తప్పులు) దాదాపు ప్రతి జంటకీ వస్తాయి. మొదటిది, నక్షత్రం బుట్టని తాకినా స్కోరు కదలదు. "తాకితే" అనే బ్లాకు ఫరెవర్ (ఆపేదాకా మళ్లీ మళ్లీ చేయించే బ్లాకు) లోపల లేకపోవడం వల్ల, ప్రోగ్రామ్ మొదలుపెట్టే పచ్చ జెండా నొక్కిన క్షణంలో ఒక్కసారి చూసి ఊరుకుంటుంది. అది మీరు చెప్పకండి. "జెండా నొక్కినప్పుడు నక్షత్రం ఎక్కడుంది? ఆ బ్లాకు ఎన్నిసార్లు చూసింది?" అని అడిగి పక్కకి వెళ్లిపోండి. రెండోది, ఫరెవర్ పెట్టాక ఒక్క నక్షత్రానికి స్కోరు ఎనిమిదో పదో ఎగిరిపోతుంది, ఎందుకంటే తాకి ఉన్నంతసేపూ లెక్కపెడుతూనే ఉంటుంది. స్కోరు పెరగగానే నక్షత్రాన్ని మళ్లీ పైకి పంపేయాలి, ఇది వాళ్లే కనిపెడతారు, కొంచెం టైమ్ ఇవ్వండి.

మీకే తెలియని ప్రశ్న వస్తే "నాకూ తెలియదు, కలిసి చూద్దాం" అనేయండి, దాని వల్ల గౌరవం ఏమీ తగ్గదు. ముందు పక్కనున్న ముగ్గురిని అడిగి, అప్పటికీ తేలకపోతేనే నా దగ్గరికి రావాలి అనే నియమం పెట్టుకుంటే మీకు ఊపిరి ఆడుతుంది, పైగా పిల్లలు ఒకరికొకరు చెప్పుకోవడం అలవాటవుతుంది. ప్రాజెక్టుల కోసం తల బాదుకోనక్కర్లేదు: 2011లో ఐర్లండ్‌లో పుట్టిన కోడర్‌డోజో, 2012లో బ్రిటన్‌లో పుట్టిన కోడ్ క్లబ్ అనే పిల్లల కోడింగ్ క్లబ్బుల సంస్థలు రెండూ తర్వాత రాస్ప్‌బెర్రీ పై ఫౌండేషన్‌లో చేరాయి, వాళ్ల సైట్లో అడుగడుగునా వివరించిన ప్రాజెక్టులు ఉచితంగా దొరుకుతాయి. ఆన్‌లైన్ ఖాతాలు తెరిస్తే మాత్రం తల్లిదండ్రులకి చెప్పి తెరవండి, యూజర్ నేమ్‌లో పిల్లల అసలు పేరు, బడి పేరు ఉండనివ్వకండి.

చివరి 15 నిమిషాలు ఎవరు చేసింది వాళ్లు అందరికీ చూపించాలి, సగంలో ఆగినా సరే. "ఎక్కడ ఆగిపోయావు?" అని అడగండి, వచ్చే వారం పని ఏమిటో ఆ జవాబులోనే దొరుకుతుంది. ఫైలు పేరులో తారీఖు రాసి సేవ్ చేయించాకే కంప్యూటర్ కట్టేయండి.

ఆరేడు నెలలకి స్క్రాచ్‌లో లూపులు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించేవి), షరతులు, వేరియబుల్స్ (స్కోరులా మారే విలువలు దాచుకునేవి) తడుముకోకుండా వాడుతుంటే, అప్పుడు పైథాన్‌కి వెళ్లండి. దాంతోపాటే వచ్చే, లోగో తాబేలులా గీతలు గీయించే టర్టిల్ మాడ్యూల్‌లో మళ్లీ అదే త్రిభుజం ఇవ్వండి: మూడుసార్లు తిరిగే ఫర్ లూప్, ఫార్వర్డ్ 100, లెఫ్ట్ (ఎడమవైపు తిరగడం) ఎంతో వాళ్లనే రాయమనండి.