పీజీ రూమ్‌లో ఒక్కళ్లమే ఉన్నప్పుడు పాటతో ఆరాధన చేసుకోవడం ఎలా

వందనాలు అండీ. బెంగళూరుకి ఉద్యోగానికొచ్చిన మన పిల్లలు చాలామంది అడుగుతుంటారు, ఆదివారం చర్చిలో కీబోర్డ్, డ్రమ్స్, క్వైర్ అన్నీ ఉంటే మనసు కరిగిపోతుంది కానీ మారతహళ్లి పీజీలో ఒక్కళ్లమే కూర్చుంటే పాటే రావట్లేదు, ఏం చేయాలి అని. బైబిల్లో దావీదు రాజు 63వ కీర్తన పాడింది యూదా అరణ్యంలో, అక్కడ ఏ క్వైర్ ఉంది చెప్పండి. పౌలు, సీల అయితే ఫిలిప్పీ జైల్లో కాళ్లకి బొండ, అంటే కదలకుండా బిగించే కొయ్య, వేసి ఉండగా మధ్యరాత్రి పాడారు.

ముందు పాట కాదు, బైబిల్ వాక్యం. ఒక కీర్తన మెల్లగా పైకి చదివి దానికి దగ్గరగా ఉండే పాట ఒక్కటే తీసుకోండి. యూట్యూబ్‌లో వింటే చాలదా అంటారు, వినండి, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఎంతైనా వినండి, కానీ ఈ టైంలో మాత్రం ఫోన్ పక్కన పెట్టేయండి, మధ్యలో యాడ్ వస్తుంది, ఆఫీస్ మెసేజ్ వస్తుంది, ఇక మనసు అటే పోతుంది. మాటలు గుర్తులేకపోతే నోట్‌బుక్‌లో చేత్తో రాసుకోండి. ఇంట్లో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంటే ఈసారి ఊరెళ్లినప్పుడు తెచ్చుకోండి, పాతకాలపు తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు అందులో ఉంటాయి, రాగం తాళం తెలియకపోయినా పర్లేదు.

పల్లవి పాడి ఆగండి. అసలు విషయం ఇక్కడే ఉంది. స్తోత్రం అనే మాట వచ్చిందనుకోండి, దేనికి స్తోత్రమో విడిగా చెప్పండి, ఇంటికి డబ్బులు పంపగలిగినందుకా, నాన్నకి షుగర్ తగ్గినందుకా, చెప్పేసి మళ్లీ పల్లవికి రండి, అప్పుడు అదే పాట మీ సొంత ప్రార్థన అయిపోతుంది.

రూమ్మేట్ నిద్రపోతుంటే గొంతెత్తక్కర్లేదు, బైబిల్లో బిడ్డ కోసం ప్రార్థించిన హన్నా పెదాలు మాత్రమే కదిపింది, దేవుడు వినలేదా? లేదంటే టెర్రస్ మీదకెళ్లండి.

బాధలో ఉన్నప్పుడు బలవంతంగా సంతోషం పాటలు పాడొద్దు దయచేసి. 13వ కీర్తన తీయండి, 6 వచనాలే, మొదలంతా ఎన్నాళ్లు ప్రభువా అని అడగడమే, కీర్తిస్తాను అనే మాట చివర్లో గానీ రాదు. ఏడుపొస్తే ఏడవండి, పాట ఆగిపోయినా ఏం కాదు.

చర్చిలో పాడేవాళ్లకి ఒకటి, ఆదివారం ప్రాక్టీస్‌ని దీంతో కలపొద్దు, ప్రాక్టీస్‌లో చెవంతా శ్రుతి మీదే ఉంటుంది కాబట్టి ఇది పది నిమిషాలైనా సరే వేరుగా పెట్టుకోండి.