ఎలక్ట్రిక్ గిటార్ వైరింగ్ మీరే రిపేర్ చేసుకోవడం ఎలా?

వాల్యూమ్ నాబ్ తిప్పితే బరబరమని చప్పుడు. లేదా కేబుల్ కాస్త కదిపితే సౌండ్ వస్తుంది, వదిలేస్తే పోతుంది. ఇలాంటప్పుడు చాలామందికి వెంటనే వచ్చే అనుమానం, పికప్ పోయిందేమో అని. చాలాసార్లు తప్పు దానిది కాదు. పికప్ అంటే తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం, అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టినది, అందులో కదిలే భాగమంటూ ఏదీ లేదు కాబట్టి అంత తేలిగ్గా పాడవదు. పాడయ్యేవి మనం రోజూ గుచ్చి, లాగి, తిప్పేవి: జాక్ (కేబుల్ గుచ్చే చోటు), పికప్‌లను మార్చే స్విచ్, నాబ్‌ల కింద తిరిగే పాట్‌లు. వెతకడం అక్కడి నుంచే మొదలుపెట్టండి, అదీ మల్టీమీటర్‌తో కొలిచి. సోల్డరింగ్ ఐరన్ సంగతి ఆ తర్వాత.

ముందే ఒక జాగ్రత్త. బ్యాటరీ లేని మామూలు గిటార్‌లో, కేబుల్ తీసేశాక, భయపడాల్సినంత కరెంట్ ఏమీ ఉండదు. సౌండ్ పెంచే ఆంప్ అలా కాదు. గాజు గొట్టాలతో పనిచేసే వాల్వ్ ఆంప్ ప్లగ్ పీకేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ నిలిచి ఉండొచ్చు. దాన్ని మాత్రం విప్పకండి.

1. విప్పకుండానే కొలవండి

ముందు వేరే కేబుల్‌తో, వీలైతే వేరే ఆంప్‌తో వాయించి చూడండి. బ్యాటరీతో పనిచేసే యాక్టివ్ పికప్‌లు ఉన్న గిటార్ అయితే కొత్త 9 వోల్టుల బ్యాటరీ వేయండి. అలాంటి గిటార్లలో కేబుల్ గుచ్చి ఉంచితే చాలు, వాయించకపోయినా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

ఇప్పుడు కేబుల్ ఒక కొన గిటార్‌లో గుచ్చి, రెండో కొన చేతిలో పెట్టుకోండి. వాల్యూమ్, టోన్ పూర్తిగా పెంచండి. మల్టీమీటర్‌ను 20 కిలో ఓమ్‌ల రేంజ్‌లో పెట్టి ఒక ప్రోబ్‌ను ప్లగ్ మొనకి, రెండోదాన్ని మొన వెనకాల ఉన్న పొడుగు లోహానికి ఆనించండి. పాసివ్ (బ్యాటరీ లేని) గిటార్‌లో సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న పికప్) అయితే సుమారు 5 నుంచి 7, హంబకర్ (రెండు చుట్టలున్నది) అయితే 7 నుంచి 9 కిలో ఓమ్‌లు కనిపించాలి, చుట్లు ఎక్కువున్న హంబకర్లలో 15 దాకా వెళ్తుంది. స్విచ్‌ను ఒక్కో స్థానానికి మారుస్తూ చూడండి. రెండు పికప్‌లు కలిసి పనిచేసే చోట అంకె దాదాపు సగానికి పడిపోతే కంగారు పడొద్దు, అవి పారలల్‌లో, అంటే పక్కపక్కన కలిసి ఉన్నాయి, అంతే.

అంకె రేంజ్ దాటిపోతే ఎక్కడో వైరు తెగింది. వాల్యూమ్ పెంచి ఉన్నా సున్నానే చూపిస్తుంటే సిగ్నల్ వైరు ఎక్కడో గ్రౌండ్‌కి (సిగ్నల్ తిరిగి వెళ్లే రెండో వైరు దారికి) తగులుతోంది. కేబుల్ కదిపినప్పుడల్లా అంకె ఎగిరెగిరి పడుతుంటే జాక్. స్విచ్ ఒక్క స్థానంలోనే తేడా ఉంటే ఆ పికప్ వైరో, స్విచ్చో. నా దగ్గరికి వచ్చిన ఒక గిటార్‌కి నెక్ పికప్ (మెడ వైపు ఉండేది) చచ్చిపోయిందని కొత్త పికప్ కూడా కొని తెచ్చారు. పాత పికప్ వైర్ల మీద నేరుగా మీటర్ పెడితే 6 కిలో ఓమ్‌లు, శుభ్రంగా ఉంది. స్విచ్ లోపలి రేకుల మధ్య దుమ్ము పేరుకుంది, అంతే విషయం. అందుకే కొలవకుండా ఏదీ కొనకండి.

2. విప్పండి, కానీ ముందు ఫోటో తీయండి

స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్‌లో తీగలు వదులు చేసి పిక్‌గార్డ్ (ముందు వైపు ప్లాస్టిక్ పలక) మొత్తం లేపాలి, లెస్ పాల్ తరహాలో వెనక మూత తీస్తే చాలు. ఏ వైరు ఎక్కడికి వెళ్తోందో కనిపించేలా రెండు మూడు వైపుల నుంచి ఫోటోలు తీసి పెట్టుకోండి. వైర్ల రంగుల్ని నమ్మి పని చేయకండి, కంపెనీకో రకం ఉంటుంది.

3. జాక్

జాక్‌లో కేబుల్ మొనను పట్టుకునేది వంగిన పలుచటి రేకు. కేబుల్ గుచ్చి ఆ రేకును దగ్గరగా చూడండి, ప్లగ్ మొన దగ్గర ఉన్న పల్లంలో అది గట్టిగా కూర్చోవాలి. ఊరికే ఆనుతుంటే కేబుల్ తీసేసి, రేకును వేలితో మెల్లగా లోపలికి వంచండి, ఒక మిల్లీమీటర్ చాలు. నట్ వదులైతే బయటి నుంచి స్పానర్ పెట్టి బిగించేస్తారు చాలామంది, అప్పుడు నట్‌తో పాటు లోపల జాక్ కూడా గిర్రున తిరిగి వైర్లు మెలిపడి తెగిపోతాయి. లోపల జాక్‌ను వేళ్లతో పట్టుకునే బిగించాలి.

4. బరబరలాడే పాట్, స్విచ్

పాట్ కాళ్ల (వైర్లు అతికించే మూడు లోహపు కొసల) పక్కన చిన్న సందు ఉంటుంది. అందులో కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చిమ్ము కొట్టి, నాబ్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి పాతికసార్లు తిప్పండి. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు వద్దు, జిడ్డు మిగిలి దుమ్మును మళ్లీ పట్టుకుంటుంది. స్విచ్‌కీ ఇదే వైద్యం. అప్పటికీ చప్పుడు పోకపోతే పాట్ మార్చాల్సిందే.

సాధారణంగా సింగిల్ కాయిల్‌కి 250 కిలో ఓమ్‌ల పాట్, హంబకర్‌కి 500 వాడతారు. విలువ తగ్గేకొద్దీ పికప్ మీద భారం పెరిగి, సౌండ్‌లో పైస్థాయి మెరుపు తగ్గుతుంది, అందుకే హంబకర్‌కి 250 పెడితే కాస్త మొద్దుగా వినిపిస్తుంది. వాల్యూమ్‌కి లాగ్ (లాగరిథమిక్) రకం తీసుకోండి, ఇప్పటి పాట్‌లలో ఎక్కువగా దాని మీద 'ఎ' అని ఉంటుంది.

5. ఏ వైరు ఎక్కడికి

దారి చాలా సూటిగా ఉంటుంది: పికప్ నుంచి స్విచ్, స్విచ్ నుంచి వాల్యూమ్ పాట్, అక్కడి నుంచి జాక్ రేకు. పాట్ వెనక భాగం మీవైపు, మూడు కాళ్లు కిందికి ఉండేలా పట్టుకోండి. ఎడమ కాలికి స్విచ్ నుంచి వచ్చే వైరు, మధ్య కాలి నుంచి జాక్‌కి, కుడి కాలిని పాట్ వెనకున్న లోహపు డొప్పకి వంచి అతికించాలి. ఎడమ, కుడి తారుమారైతే వాల్యూమ్ తిరగేసి పనిచేస్తుంది. ఎడమ కాలి నుంచే ఇంకో వైరు టోన్ పాట్‌కి వెళ్తుంది, అక్కడ కెపాసిటర్ గుండా గ్రౌండ్‌కి. కెపాసిటర్ మీద 223 అని ఉంటే 0.022 మైక్రోఫారడ్, 473 అయితే 0.047. విలువ పెరిగితే టోన్ తగ్గించినప్పుడు సౌండ్ ఇంకా ముదురుగా అవుతుంది.

6. సోల్డరింగ్

అసలు ఓపిక కావాల్సింది ఇక్కడే. 40 వాట్ల ఐరన్, రోజిన్ కోర్ (మధ్యలో చెట్టు బంక) ఉన్న ఎలక్ట్రానిక్స్ సోల్డర్ తీసుకోండి, పైపులకి వాడే యాసిడ్ ఫ్లక్స్ వైర్లను తినేస్తుంది. వైరు కొనకి, కాలికి విడివిడిగా ముందే కొంచెం సోల్డర్ పట్టించండి. తర్వాత రెండూ కలిపి, ఐరన్‌తో వాటిని వేడి చేసి, సోల్డర్‌ను ఆ వేడెక్కిన లోహానికి తాకించండి. ఐరన్ మీద కరిగించి చుక్క వేస్తే అది పైపైన కూర్చుంటుంది, లోపల అతకదు. సరిగ్గా కరిగిన సోల్డర్ నీళ్లలా పరుచుకుని నున్నగా ఆరుతుంది. గరుకుగా, బంతిలా ఉబ్బి కనిపిస్తే మళ్లీ వేడి చేయండి, ఆరేదాకా వైరు కదలకూడదు.

పాట్ డొప్పకి గ్రౌండ్ వైరు అతికించడం ఇంకొంచెం కష్టం, ఎందుకంటే ఆ లోహమంతా వేడిని లాగేస్తుంది. ముందు ఆ చోటు గరుకు కాగితంతో రుద్ది, వెడల్పు మొన ఐరన్ వాడి నాలుగైదు సెకన్లలో పూర్తి చేయండి. అంతలో అవకపోతే తీసేసి చల్లారనివ్వండి, ఎక్కువసేపు పెడితే లోపలి ట్రాక్ మాడుతుంది. ఇంట్లో గాలి ఆడేలా చూసుకోండి, పనయ్యాక చేతులు కడుక్కోండి, సోల్డర్‌లో సీసం ఉండొచ్చు.

7. మూసే ముందు

కేబుల్ పెట్టి, ఆంప్ వాల్యూమ్ తగ్గించి, పికప్ మీద స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తట్టండి. స్విచ్ ఏ స్థానంలో ఉంటే ఆ పికప్ టక్ మనాలి. ఆ తర్వాత తీగలు ముట్టుకోండి. ముట్టుకుంటే రొద తగ్గితే బ్రిడ్జ్ (తీగలు ఆనే లోహపు భాగం) గ్రౌండ్ సరిగ్గా ఉంది. ముట్టుకున్నా తేడా లేకపోతే బ్రిడ్జ్ నుంచి వచ్చే వైరు ఊడిపోయింది. ముట్టుకుంటే ఇంకా పెరిగితే జాక్ దగ్గర రెండు వైర్లు తారుమారయ్యాయి. సింగిల్ కాయిల్‌లో కొంచెం హమ్ మిగలడం మామూలే, దాన్ని సోల్డరింగ్‌తో తీయలేం. వైర్లు ఉండే గొయ్యి లోపల రాగి టేప్ అతికించి దాన్ని గ్రౌండ్‌కి కలిపితే సన్నటి జుయ్‌మనే రొద తగ్గుతుంది, కానీ టేప్ అంచు జాక్ రేకుకి తగిలితే మొత్తం సౌండ్ పోతుంది. అందుకే మూత పెట్టాక, ఆఖరి స్క్రూ బిగించే ముందు, కేబుల్ గుచ్చి ఇంకోసారి వాయించి చూడండి.