పర్ఫార్మెన్స్ మానిటర్‌లో కౌంటర్లు గల్లంతైతే...

సర్వర్ నెమ్మదించిందని ఫోన్ వస్తుంది. మెషిన్ పనితీరును కొలిచి చూపే విండోస్ టూల్ పర్ఫార్మెన్స్ మానిటర్ తెరిచి ప్లస్ గుర్తు నొక్కితే, ఎప్పుడూ ఉండే ప్రాసెసర్, మెమరీ కౌంటర్లు, అంటే కొలతలు, జాబితాలో కనపడవు. లేదా పేర్లుండాల్సిన చోట 238, 4 అంటూ ఉత్త అంకెలుంటాయి.

కంగారేం లేదు. మనిషి బతికే ఉన్నా ఓటరు జాబితాలో పేరు గల్లంతవుతుంది చూశారూ, ఇదీ అలాంటిదే. విండోస్ లోపల ప్రతి కౌంటర్‌కూ ఓ నంబరుంటుంది: మెమరీది 4, ప్రాసెసర్‌ది 238. ఏ నంబరుకు ఏ పేరో చెప్పే పట్టిక, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో పెర్ఫ్‌లిబ్ కింద ఉంటుంది. ఇంగ్లిష్ పేర్లయితే 009 అనే కీలో. ఏదో సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తూనో తీసేస్తూనో పని మధ్యలో ఆగితే ఈ పట్టిక చెడిపోతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ చూడండి. లోడ్‌పెర్ఫ్ పేరుతో 3012 నంబరు ఈవెంట్ కనిపిస్తే దొంగ దొరికినట్టే.

మందు: కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. సిస్టమ్32 ఫోల్డర్‌లోకి వెళ్లి ఎల్, ఓ, డీ, సీ, టీ, ఆర్ అని ఆరు ఇంగ్లిష్ అక్షరాలు కలిపి కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ ఆర్ ఇవ్వండి. ఇదే లాడ్‌సీటీఆర్ కమాండ్. 64 బిట్ మెషిన్‌లో సిస్‌వావ్64 ఫోల్డర్‌లోకీ వెళ్లి మళ్లీ నడపాలి. చాలామంది మర్చిపోయేది ఈ రెండోదే. ఎర్రర్ కోడ్ 2 అని తిట్టినా వెనక్కి తగ్గకండి, రెండోసారి కొడితే తరచూ ఒప్పుకుంటుంది. చివరగా విన్‌ఎంజీఎంటీ స్లాష్ రీసింక్‌పెర్ఫ్ నడిపితే, ఇతర టూల్స్‌కు సిస్టమ్ సమాచారం అందించే డబ్ల్యూఎంఐకీ కొత్త పట్టిక అందుతుంది. అయితే ఇదంతా మొదలుపెట్టే ముందే లాడ్‌సీటీఆర్ స్లాష్ ఎస్, కోలన్, ఫైలు పేరు ఇచ్చి ఉన్న సెట్టింగులు దాచుకోండి.

అన్నీ కాకుండా ఒక్క సర్వీసుకు చెందిన కౌంటర్ల కుటుంబం మాత్రమే మాయమైతే కథ వేరు. అప్పుడు పట్టిక మొత్తం తిరగరాయడం, ఒక్క బల్బు వెలగలేదని ఇంటి వైరింగంతా పీకడమే. లాడ్‌సీటీఆర్ స్లాష్ క్యూ కొట్టి, ఆ సర్వీసు పేరు పక్కన డిసేబుల్డ్ అని ఉందేమో వెతకండి. అది ఎవరో చేసిన పని కాకపోవచ్చు. కౌంటర్ విలువలు అందించే ప్రోగ్రామ్ ఫైలు, అంటే డీఎల్‌ఎల్, పదేపదే తప్పు చేస్తే విండోసే దాన్ని పక్కన పెట్టి, లాగ్‌లో పెర్ఫ్‌లిబ్ పేరుతో 1017 నంబరు ఈవెంట్ రాస్తుంది. లాడ్‌సీటీఆర్ స్లాష్ ఈ, కోలన్, సర్వీసు పేరు ఇస్తే మళ్లీ చేరుతుంది. డీఎల్‌ఎల్‌లో తప్పు అలాగే ఉంటే కాసేపటికి మళ్లీ బయటికే. అప్పుడు ఆ సాఫ్ట్‌వేర్‌ను రిపేర్ చేయాల్సిందే.

నాకు ఎక్కువగా తగిలేది డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్. దాని కౌంటర్లు పోతే అన్‌లాడ్‌సీటీఆర్‌తో పాత నమోదు తీసేసి, దాని బిన్ ఫోల్డర్‌లో కౌంటర్ల వివరాలుండే ఐఎన్‌ఐ ఫైలును లాడ్‌సీటీఆర్‌కు ఇవ్వాలి. తర్వాత ఎస్‌క్యూఎల్ సర్వీసును రీస్టార్ట్ చేయాలి, కాబట్టి పట్టపగలు ప్రొడక్షన్‌లో, అంటే అసలు పని నడిచే సర్వర్‌లో, ఈ సాహసం వద్దు.

పర్ఫార్మెన్స్ మానిటర్‌లో అన్నీ సవ్యంగా ఉండి, మీ మానిటరింగ్ టూల్‌కు మాత్రమే కనపడకపోతే? ఆ టూల్ 32 బిట్‌దేమో చూడండి. ఎంఎంసీ స్లాష్ 32 ఇచ్చి పెర్ఫ్‌మాన్ ఫైలు తెరిస్తే, ఆ టూల్ ఏం చూస్తోందో మీకూ కనిపిస్తుంది. టూల్ నడిచే ఖాతా పర్ఫార్మెన్స్ మానిటర్ యూజర్స్ గ్రూపులో ఉందా? చేర్చాక లాగౌట్ అయి మళ్లీ రావాలి. ఇది చూడకుండా నేనొకసారి పూట పూటంతా పట్టిక తిరగరాస్తూ కూర్చున్నాను. వేరే మెషిన్ నుంచి చూస్తుంటే రిమోట్ రిజిస్ట్రీ సర్వీసు నడుస్తుండాలి, ఫైర్‌వాల్ అడ్డుపడకూడదు.

ఇక విండోస్ సర్వర్ టాస్క్ మేనేజర్‌లో డిస్క్ గ్రాఫ్ లేదని అడిగేవాళ్లకు: అది పాడవడం కాదు, మామూలుగానే అక్కడ ఆపి ఉంచుతారు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్క్‌పెర్ఫ్ కొట్టి, ఖాళీ వదిలి హైఫన్ వై ఇచ్చి, టాస్క్ మేనేజర్ మూసి తెరిస్తే వచ్చేస్తుంది.