గోడకు చెక్క అర – 3వ పాఠం: వెన్నుపట్టీ బిగింపు

పోయిన పాఠంలో టేకు వెన్నుపట్టీ (గోడకు బిగించి అరను మోయించే పట్టీ) సిద్ధమైంది: పొడవు 58 సెం.మీ., ఎత్తు 4, మందం 2.5. దానిలోకి దింపి అతికించిన మూడు వేళ్లు, అంటే అరను మోయడానికి ముందుకు పొడుచుకొచ్చే ముక్కలు, కూడా ఉన్నాయి. జిగురు పూర్తిగా ఆరకముందు ఈ పాఠం మొదలుపెట్టకండి.

కావలసినవి: 5 మి.మీ. లావు, 100 మి.మీ. పొడవు స్క్రూలు నాలుగు, 8 మి.మీ. లావు, 50 మి.మీ. పొడవు రాల్ ప్లగ్గులు (గోడ రంధ్రంలో దూర్చి స్క్రూకు పట్టు ఇచ్చే గొట్టాలు) నాలుగు, 8 మి.మీ. గోడ బిట్టు, హ్యామర్ డ్రిల్లు, రసమట్టం (స్పిరిట్ లెవెల్). స్విచ్‌బోర్డుకు నిలువుగా పైనా కిందా, కుళాయికి సూటిగా పైనా రంధ్రం వేయొద్దు. వైర్లూ పైపులూ ఎక్కువగా ఆ దారుల్లోనే వెళ్తాయి.

ముందు పట్టీకే నాలుగు రంధ్రాలు వేయాలి. చాలామంది ఎత్తుకు సరిగ్గా మధ్యలో వేస్తారు. అది నష్టం. అర లోతు 20 సెం.మీ. అనుకుందాం. దాని మీద 10 కిలోలు సమంగా పెడితే బరువంతా గోడకు 10 సెం.మీ. దూరంలో ఉన్నట్టే. అర ముందుకు ఒరగాలని చూస్తుంది, పట్టీ కింది అంచు గోడకు ఆనుకుంటుంది, స్క్రూలు బయటికి లాగబడతాయి. స్క్రూ కింది అంచుకు 2 సెం.మీ. పైన ఉంటే నాలుగింటి మీదా కలిపి సుమారు 50 కిలోల లాగుడు పడుతుంది. 3 సెం.మీ. పైన ఉంటే అది 33కి దిగుతుంది. ఖర్చు లేకుండా మూడో వంతు భారం తగ్గింది! కాబట్టి పై అంచు నుంచి 1 సెం.మీ. కిందనే వేయండి. పట్టీకి ముందుగా 5 మి.మీ. బిట్టుతో దారి చేస్తే టేకు చీలదు.

ఇప్పుడు గోడ. నాలుగూ ఒకేసారి గుర్తు పెట్టొద్దు. ఒక్కటి వేసి, బిట్టు వెంట వచ్చే పొడి చూడండి. మొదటి 15–20 మి.మీ. బూడిదరంగు పొడి ప్లాస్టరింగుది. ఆ తర్వాత ఎర్ర పొడి వస్తే ఇటుక తగిలింది, మంచిది. ఎరుపు రాకుండా బూడిదరంగే వస్తూ బిట్టు సులువుగా దిగిపోతుంటే అది రెండు వరసల మధ్య సిమెంటు అతుకు. ఆ అతుకు అడ్డంగా గోడ పొడవునా సాగుతుంది. మన పట్టీ కూడా అడ్డమే. అంటే మిగతా మూడు రంధ్రాలూ దానిలోనే పడతాయి. మొహమాటపడకుండా పట్టీని 3 సెం.మీ. పైకో కిందికో జరపండి. పాత రంధ్రం అర వెనక దాగకపోతే పుట్టీతో పూడ్చుకోవచ్చు.

అపార్టుమెంట్లలో తెల్లటి మెత్తని పొడి రాలితే అది ఏఏసీ బ్లాకు, అంటే గాలి బుడగలున్న తేలికపాటి సిమెంటు బ్లాకు. వెంటనే హ్యామర్ ఆపేసి మామూలు తిప్పుడుతోనే వేయండి, లేదంటే రంధ్రం వెడల్పైపోయి ప్లగ్గు వదులవుతుంది. దానికి ప్రత్యేకమైన నైలాన్ ప్లగ్గులు దొరుకుతాయి. బిట్టు సైజు ఆ ప్యాకెట్ మీద చూసుకోవాలి. పొడి బూడిదరంగులోనే ఉండి బిట్టు మొరాయిస్తే కాంక్రీటు. ఇనుము తగిలితే రంధ్రం జరపాలి, బలవంతం చేయకూడదు.

ఇటుక గోడలో రంధ్రం లోతు 85 మి.మీ. బిట్టుకు అంత దూరంలో టేపు చుట్టుకోండి. నాలుగున్నర అంగుళాల గోడకు అంతకు మించితే అవతలి పక్క ప్లాస్టరింగు పెచ్చు లేస్తుంది. లోపలి పొడి ఊదేయండి; అది ఉంటే ప్లగ్గు పూర్తిగా దిగదు. ప్లగ్గును మేకుతో తట్టి ప్లాస్టరింగు దాటించాలి, ఇది మరవొద్దు. ప్లాస్టరింగులో ఉండిపోయిన ప్లగ్గు పెచ్చుతో సహా ఊడి వస్తుంది.

మొదటి స్క్రూ సగం బిగించి, పట్టీ మీద రసమట్టం పెట్టి బుడగ నడిమికి వచ్చాక మిగతా మూడూ గుర్తించండి. అన్నీ వేశాక ఒక్కో స్క్రూ కొంచెం కొంచెంగా బిగించాలి. గోడ ఉబ్బుగా ఉంటే పట్టీ ఊగుతుంది. అప్పుడు సందులో పలుచని సన్‌మైకా ముక్క దూర్చండి. వేళ్ల మీద కూడా రసమట్టం పెట్టి చూడండి. ముందుకు వాలితే ముక్కను పట్టీ కింది అంచు దగ్గర పెట్టాలి.

పరీక్ష: వేళ్ల చివర్ల మీద సన్న పలక పరిచి, నడుమ 5 లీటర్ల నీళ్ల డబ్బా పెట్టండి. కొసన 5 కిలోలంటే నడిమిన 10 కిలోలతో దాదాపు సమానం. నేల నుంచి వేలి కొసకు ఎత్తు కొలిచి రాసుకుని, మర్నాడు ఉదయం మళ్లీ కొలవండి. 2 మి.మీ. మించి దిగితే స్క్రూలు విప్పి చూడాల్సిందే; ప్లగ్గు తిరుగుతోందా, వేలి అతుకు వదిలిందా అన్నది అక్కడే తెలుస్తుంది.

4వ పాఠంలో ఈ వేళ్ల మీదికి తొడిగే ప్లైవుడ్ పెట్టె కోస్తాం. దానికి 9 మి.మీ. ప్లైవుడ్ తెచ్చి ఇంట్లో ఆనించి పెట్టకుండా, నేల మీద చదునుగా పడుకోబెట్టి ఉంచండి.