"ఎంపీసీయా, బైపీసీయా?" అని ఇంట్లో చర్చ ముందుకు కదలకపోతే

లక్షణం

పదో తరగతి ఫలితాలు వచ్చాయి. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "ఏమ్మా, ఎంపీసీయా, బైపీసీయా?" అనే అడుగుతున్నారు. అమ్మాయికి రెండిట్లోనూ మనసు లేదు, అయినా ఏదో ఒకటి చెప్పాలని టెన్షన్. పైగా "ఈ వారంలో సీటు తీసుకోకపోతే భవిష్యత్తు పోయినట్టే" అన్న తొందర.

కారణం

చాలా దారులున్నా రెండే ఉన్నట్టు చూపించడాన్ని తర్కంలో తప్పుడు ద్వంద్వం అంటారు. "ఎంపీసీ తీసుకుంటుంది, లేదా తీసుకోదు" అన్న మాటలో మూడోదానికి చోటు లేదు, అది నిజం. "ఎంపీసీ, లేదా బైపీసీ" కూడా వినడానికి అలాగే ఉంటుంది. కానీ అందులో చాలా దారులు బయటే ఉండిపోయాయి. ఊరంతా ఇంజినీరింగ్, మెడికల్ ర్యాంకుల హోర్డింగులే ఉంటే మిగతావి గుర్తుకు రావడం కష్టమే. ఇక సీటు అమ్మేవాళ్లు కావాలనే రెండో దారిని, అంటే సీటు తీసుకోకపోవడాన్ని, భయంకరంగా చూపిస్తారు, మొదటిదానికి మనం తలూపాలని.

పరిష్కారం

"ఈ రెండూ కాకపోతే ఏముంది?" అని కాగితం మీద రాయండి. చరిత్ర, అర్థశాస్త్రం ఇష్టమైన పిల్లలకు హెచ్‌ఈసీ (చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం) ఉంది, చరిత్ర బదులు కామర్స్ కావాలంటే సీఈసీ ఉంది. లెక్కలు, కామర్స్ కలిపి కావాలంటే ఎంఈసీ. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేస్తే, ఆ తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్షతో నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో పది కాగానే ఆరేళ్ల కోర్సు ఉంది. ఐటీఐ, ఒకేషనల్ కోర్సులూ రాయండి. "అవి మార్కులు రానివాళ్లకి" అనే మాట పిల్లల్ని చాలా గాయపరుస్తుంది, దయచేసి అనకండి.

తర్వాత "రెండూ కలిపి కుదురుతుందా?" అని అడగండి. బౌద్ధ తర్కంలో చతుష్కోటి అని ఒక పద్ధతి ఉంది: అవును, కాదు, రెండూ, రెండూ కాదు. నాగార్జునుడు దీన్ని విస్తారంగా వాడాడు. మన ప్రశ్నకీ ఆ నాలుగు గళ్లు గీసి చూడండి. "రెండూ" అనే గడి ఖాళీ కాదు: ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి లెక్కలు, బయాలజీ రెండూ చదివే వీలు వచ్చింది.

గ్రూపు ఎంచుకోగానే మిగతా తలుపులన్నీ మూసుకుపోతాయన్న భయం ఉంటే అదీ సరిచూడండి. బీఫార్మసీకి ఎంపీసీ, బైపీసీ వాళ్లిద్దరూ అర్హులే. ఐదేళ్ల లా కోర్సు, సీఏ ఏ గ్రూపు వాళ్లయినా చేయొచ్చు.

అయినా ఇంట్లో ఒప్పుకోకపోతే, గ్రూపు పేరు పక్కనపెట్టి అసలు భయం ఏమిటో అడగండి. ఉద్యోగమా, ఫీజులా, నలుగురిలో మాటా? అది తేలాకే మాట ముందుకు సాగుతుంది.

ఒక్క జాగ్రత్త. నిజంగా రెండే ఉన్నచోట మూడోది వెతక్కండి. అమ్మాయి డాక్టర్ కావాలనుకుంటే బయాలజీ చదవాల్సిందే. అది లేకుండా ఎంబీబీఎస్‌కు దారి లేదు.